మాబాషా సారు మొదటి ఇల్లు

శింగనమల మండలంలో అయ్యవార్లకు ఫిబ్రవరి వస్తే దేవుడు గుర్తుకు రాడు, మాబాషా సారు గుర్తుకొస్తాడు. విద్యాశాఖ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు ఆయన. సంవత్సరమంతా ఇంక్రిమెంట్లు, సెలవు కాగితాలు, సర్వీసు రిజిస్టర్లు. ఫిబ్రవరిలో మాత్రం ఆదాయపన్ను. ఆ నెల జీతం బిల్లు పోయేలోపల ఎవురి పన్ను లెక్క వాళ్ళు తేల్చి ఫారం ఇయ్యాల. పిల్లోళ్ళకు బీజగణితం అలవోకగా చెప్పే లెక్కల అయ్యవారు కూడా ఆ ఫారం ముందర కూర్చుంటే నీళ్ళు నములుతాడు.

అట్లాంటి వాళ్ళంతా సాయంత్రం బడి వదలంగానే బైకులేసుకొని ఆఫీసుకొస్తారు. మాబాషా సారు అద్దాలు ముక్కు మీదికి జార్చుకొని ఒక్కొక్కరి కాగితం చూస్తాడు. కసురుకోడు, విసుక్కోడు. తప్పు కనపడితే, "ఏమప్పా, ఇది నీ బాడుగ రసీదా, నీ మామ బాడుగ రసీదా?" అని మాత్రం అడుగుతాడు. ఆ మాటకే అవతలి మనిషి ముఖం తెల్లబోతాది.

ఆయన దగ్గర పేరుబడిన విద్య ఒకటుండాది. మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకు దోవ చెప్పడం. సర్కారు ఏ ఏడు ఏ రాయితీ ఇచ్చింది, అది ఏ తేదీకి మూతపడతాది, ఎవురికి వర్తిస్తాది, ఎవురికి వర్తించదు, అంతా ఆయన నాలుక చివరనే. "మూడు చూసుకో నాయనా. ఒకటి, నీ పేరున ఇంతకుముందు ఇల్లు ఉండకూడదు. రెండు, రిజిస్ట్రేషన్ విలువ నలభై ఐదు లక్షలు దాటకూడదు. మూడు, బ్యాంకోళ్ళ మంజూరు కాగితం మీద తేదీ మార్చి ముప్పై ఒకటి దాటకూడదు. ఈ మూడూ కుదిరితే, అందరికీ ఇచ్చే వడ్డీ మినహాయింపు మీద ఇంకో లక్షన్నర దాకా నీకుంటాది. ఒకరోజు దాటినా లేదు. సర్కారు రాయితీ అంటే జాతర. అయిపోయినాంక పోతే పేడ, కాగితాలు తప్ప ఏం దొరకదు."

ధర్మవరం నుంచి వచ్చి ఈడ పనిచేసే చంద్రమోహన్ అనే అయ్యవారి కథ మండలమంతా తెలుసు. మగ్గం నేసే ఇంటి పిల్లోడు. రెండువేల ఇరవై ఒకటి మార్చిలో ఆయన ఇంటి అప్పు కాగితాలు బ్యాంకులో తయారుగా ఉన్నాయి. అప్పుడు మూఢం నడుస్తాండాది. ఆయన భార్య సునంద, "మూఢంలో సంతకం పెట్టేది లేదు, ఉగాది పోనీ" అని పట్టు పట్టింది. ఆ మార్చి దాటితే మధ్యతరగతికి ఇచ్చే వడ్డీ సబ్సిడీ మూతపడతాది. మాబాషా సారు పని మాని ధర్మవరం పోయినాడు. ఆయమ్మతో ఒకటే మాట చెప్పినాడు. "అమ్మా సునందా, ముహూర్తం గృహప్రవేశానికి పెట్టుకో. కొబ్బరికాయ ఎప్పుడు కొడతావో కొట్టుకో. బ్యాంకాయన ఆయన టేబుల్ మీద ఆయన కాగితం ఆయన రాసుకునేదానికి మూఢం యాడుండాదమ్మా?" సునంద ఆలోచన చేసి సరేనన్నది. సబ్సిడీ వచ్చింది, పన్ను మినహాయింపూ వచ్చింది. ఇల్లు నిలబడింది. ఇప్పటికీ ఆ ఇంట్లో ఏం వండినా ఒక గిన్నె మాబాషా సారుకు వస్తాది.

ఇట్ల పదహైదు ఇండ్లకు దోవ చూపించిన మాబాషా సారు ఉండేది మాత్రం అనంతపురంలో బాడుగ ఇంట్లో. అదీ పదకొండో బాడుగ ఇల్లు. ఊరికంతా శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడినట్టని ఆయన్ని చూసి నవ్వుకునే వాళ్ళు నవ్వుకున్నారు. ఆయన కూడా నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు.

అడ్డం ఏమంటే, ఆయన పేరున ఒక ఇల్లుండాది.

గుమ్మఘట్టలో. రాయదుర్గం అవతల, కన్నడం తెలుగు కలిసి నడిచే ఊరు. వాళ్ళ నాయన ఆడ పరుపులు కుట్టేవాడు. దూది ఏకి, పరుపు కుట్టి, ఊరూరు తిరిగి అమ్మి, రెండు గదుల మట్టిమిద్దె కట్టినాడు. ఇంటిపన్ను లెక్కలో పేరు రాయించేటప్పుడు, "నాకు సంతకమే రాదు, పిల్లోడు చదువుకునేవాడు, ఆఫీసుల చుట్టూ వాడే తిరుగుతాడులే" అని పదో తరగతి చదివే మాబాషా పేరే రాయించినాడు. నాయన సచ్చిపోయి ఎనిమిదేండ్లయింది. ఆ ఇంట్లో ఇప్పుడు మాబాషా చెల్లెలు తబస్సుమ్ ఉంటాది. మొగుడు లారీ మీద పోతా పోతా బళ్ళారి రోడ్డులో పోయినాడు. పిల్లలు లేరు. మిషన్ కుట్టుకొని బతుకుతాది.

ఆ ఇల్లు రెండు గదులదే. బాడుగకిచ్చినా రెండువేలు రాదు. కానీ ఇల్లు ఇల్లే. "నీ పేరున ఇల్లుండాదా" అని ఫారంలో గడి ఉంటే, ఉండాది అనే రాయాల. తోటి గుమాస్తాలు ఎన్నిసార్లు చెప్పినారో. "గుమ్మఘట్టలో మట్టిమిద్దె సంగతి ఎవురు చూస్తారు సార్, లేదని కొట్టేయండి" అనేవాళ్ళు.

"నేను చూస్తానప్పా," అనేవాడు మాబాషా సారు. "ఈ ఆఫీసులో ఆ ఫారం తనిఖీ చేసేది నేనే కదా."

అట్ల, ఉండాదనే రాసేవాడు. చంద్రమోహన్‌కు వచ్చిన సబ్సిడీ ఆయనకు రాలేదు. రాలేదని బయటికి ఏడవలేదు గానీ, చంద్రమోహన్ గృహప్రవేశానికి పోయి వచ్చిన పొద్దు అన్నం సగంలో వదిలేసినాడు. భార్య ఫరీన్ అది చూసింది.

రెండువేల ఇరవై రెండు ఫిబ్రవరిలో బాడుగ ఇంటాయన వచ్చి, "నా కొడుకు పెండ్లి కుదిరింది సార్, మే నెలకు ఇల్లు ఖాళీ చేయాల" అన్నాడు. మాబాషా తల్లి జైతూన్ బీ మంచం మీద కూర్చొని వింటాండాది. డెబ్బై రెండేండ్లు ఆమెకు. పదకొండు ఇండ్లలో పదకొండుసార్లు గిన్నెలు మూటగట్టిన మనిషి. ఆయన పోయినాంక చాలా నిమ్మళంగా చెప్పింది. "మాబూ, నేను ఇంగో బాడుగ ఇంటికి రాను. ఇంగ నేను మారేది సొంత ఇంటికన్నా, ఖబరస్తాన్‌కన్నా. యాదో నువ్వే తేల్చుకో."

ఆ మాట మాబాషాను పొద్దూ రాత్రీ తింటానే ఉన్నింది. మార్చి మొదటి వారంలో ఫరీన్ ఒక ఇల్లు చూసింది, రాప్తాడు దిక్కు. రెండు పడకగదులు, ముందర నాలుగడుగుల వరండా. జైతూన్ బీని ఆటోలో తీసకపోయి చూపించింది. ఆ ముసలామె వరండాలో కూర్చొని గోడకు వీపు ఆనించి, "ఈడ కూర్చుంటే గాలి వస్తాది" అన్నది. అంతే. ఆమె అట్ల ఒక ఇంటి గురించి మంచిమాట అనడం ఫరీన్ ఎప్పుడూ వినలేదు.

బ్యాంకులో కాగితాలు చకచకా కదిలినాయి. జీతం బాగుంది, వకీలు అభిప్రాయం బాగుంది. రెండు మెలికలు మిగిలినాయి. చేతి నుంచి పెట్టుకోవలసిన దుడ్లలో నాలుగు లక్షలు తక్కువ. ఆ పైన పన్ను రాయితీ, ఈ మార్చితో మూతపడేది. పోతే పోనీ అనుకునేదానికి లేదు. ప్రతి ఏడూ మిగిలే ఆ నాలుగు రూపాయలుంటేనే కిస్తు కట్టి కూతురి కాలేజీ ఫీజు కట్టగలరు. మాబాషా సారు ఎన్నిసార్లు లెక్కేసినా అదే తేలింది.

అప్పుడు ఫరీన్ చెప్పింది. చెడ్డ మనసుతో చెప్పలేదు పాపం. "గుమ్మఘట్ట ఇల్లు అమ్మేద్దాం. రాయదుర్గం షావుకారు నాలుగు లక్షలకు అడుగుతాండాడు కదా. దుడ్లకు దుడ్లు వస్తాయి, మంజూరు తేదీ నాటికి నీ పేరున ఇల్లూ ఉండదు. తబస్సుమ్‌ను మనతోనే తెచ్చుకుందాం. ఆ పిల్ల ఒక్కతే ఆడ ఉండి మాత్రం ఏం చేస్తాది?"

లెక్క సరిగ్గా సరిపోయింది. లెక్క సరిపోయినా మాబాషా షావుకారుకు కబురు పెట్టలేదు. రెండు దినాలు ఆలోచన చేసి తల్లి దగ్గర కూర్చున్నాడు. జైతూన్ బీ తస్బీ పూసలు తిప్పుకుంటా అంతా వినింది.

"నన్నెందుకు అడుగుతావు," అన్నది. "పోయి నీ చెల్లెల్ని అడుగు."

మార్చి ఇరవై ఏడు ఆదివారం. ముందుదినం నాలుగో శనివారం, బ్యాంకు సెలవు. సోమ మంగళవారాలు సమ్మె. అంటే మిగిలింది బుధ, గురువారాలు. మాబాషా సారు తెల్లారే బస్సెక్కి కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం పోయి, ఆడి నుంచి గుమ్మఘట్ట చేరేసరికి పది కొట్టింది. దోవ పొడుగునా చెల్లెలికి ఎట్ల చెప్పాలనేది మాటలు కూడబలుక్కున్నాడు. కూడబలుక్కున్న మాట ఒకటీ గుర్తులేదు దిగేసరికి.

తలుపు దగ్గర నిలబడి, "తబస్సుమ్, రావొచ్చునా?" అన్నాడు. ఎప్పుడొచ్చినా అట్లనే అడుగుతాడు. అలవాటు.

తబస్సుమ్ మిషన్ ఆపి లేచింది. నలభై ఏండ్ల మనిషి, అన్నకన్నా మాటకారి. "రా అన్నా. నువ్వొస్తావని కల పడిందా ఏమి, పొద్దున్నే బొరుగులు నానబెట్టినా" అని ఉగ్గాని చేసి పెట్టింది, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. మాబాషా తింటా ఇంటిని చూసినాడు. మట్టిమిద్దె కారేది, దాని మీద రేకులు వేయించింది. గోడలకు సున్నం కొట్టించింది. గడపకు కొత్త చెక్క. ఒక మూల మాత్రం తన ఇనప పెట్టె అట్లనే ఉండాది, తాళం వేసినది వేసినట్టే. నాయన పోయినప్పుడు అనంతపురం మోసకపోయేదానికి ఓపిక లేక ఆడే పెట్టినది. ఇంట్లో యాడ చూసినా గుడ్డ పేలికలు, కుట్టాల్సిన రవికలు. ఆ పెట్టె మీద మాత్రం దారపు ఉండ కూడా లేదు.

చేయి కడుక్కొని, చెప్పాల్సింది చెప్పేసినాడు. రాప్తాడు ఇల్లు, అమ్మ మాట, మార్చి ముప్పై ఒకటి, షావుకారు, నాలుగు లక్షలు, మాతోనే నీకొక గది. తల ఎత్తకుండా చెప్పినాడు. తబస్సుమ్ ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అంతా అయినాంక మెల్లగా అడిగింది.

"ఎవురి ఇల్లు అమ్ముతావన్నా?"

మాబాషా తల ఎత్తినాడు.

ఆమె నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి ఆయన ముందర చాప మీద పెట్టింది. "నాయన నలభై దినాల ఫాతెహా పొద్దు నువ్వు దీన్ని నా చేతిలో పెట్టినావు. ఇంటినిండా జనం ఉండ్రి. అమ్మ ఉన్నింది. 'ఈ ఇల్లు తబస్సుమ్‌ది, ఇంగ దీంట్లో నాకు హక్కు లేదు' అని నీ నోటితో నువ్వు చెప్పినావు. నేను అప్పుడు ఏడుస్తాంటి, అయినా విన్నా. ఆ పొద్దు నుంచి నువ్వు ఈ ఇంట్లో ఒక్క రాత్రి పండుకోలేదు. వచ్చినా రావొచ్చునా అని అడుగుతావు. నా ఇల్లు కాబట్టి అడుగుతాండావని మురిసిపోయినా."

"చెప్పింది నిజమే తబస్సుమ్," అన్నాడు మాబాషా. "కానీ కాగితం..."

"కాగితం యాడ అడిగినా నేను? నువ్వు చెప్పినావు, చాలనుకున్నా. మా అన్న మాట కన్నా పెద్ద కాగితం ఏముంటాదిలే అనుకున్నా." ఆమె పైన రేకుల దిక్కు చూసింది. "ఎనిమిదేండ్లు నీ ఇంట్లో బాడుగ లేకుండా ఉన్నానన్నమాట. ఈ రేకులు నీ ఇంటికేసినా. ఆ సున్నం నీ గోడకు కొట్టినా. ముందే చెప్పింటే ఒక మాట అడిగి కొట్టించేదాన్ని కదన్నా."

మాబాషా ఆ పొద్దు అన్న మాట మర్చిపోలేదు, చూడండి. అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ ఇరవై ఏండ్లు కాగితాల మధ్యన బతికిన మనిషి. స్టాంపు లేనిది, సంతకం లేనిది, ఫైలు నంబరు లేనిది ఆయన లెక్కలో జరగనట్టే. చెల్లెలు ఉండనీలే అని ఒక మూల, ఇల్లు నా పేరునే ఉండాదిలే అని ఇంకో మూల, రెండూ మనసులో పెట్టుకొని హాయిగా ఎనిమిదేండ్లు గడిపినాడు. ఒకరి కాగితంలో ఒక్క అంకె తేడా వస్తే పట్టుకునే మనిషికి తన మనసులో ఇంత తేడా కనపడలేదు.

తబస్సుమ్ కొంగుతో ముఖం తుడుచుకొని చెప్పులేసుకొని, "రా, పెద్దాయన దగ్గరికి పోదాం" అన్నది.

మసీదు బాగోగులు చూసే ముతవల్లి అజ్మతుల్లాకు ఎనభై దగ్గర. మసీదు పక్కన వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకొని కూర్చొనుంటాడు. ఇద్దరి మాటా విని బోసి నోటితో నవ్వినాడు. "ఏంరా మాబాషా, నువ్వు చదువుకున్నోడివి, నేను చెప్పాలనా? మనలో హిబా, అంటే సొత్తు దానమియ్యడం, చెల్లాలంటే మూడుండాల. ఇచ్చేవాడు ఇచ్చినానని చెప్పాల. పుచ్చుకునేవాళ్ళు ఒప్పుకోవాల. సొత్తు చేతికి ఇయ్యాల. ఆ పొద్దు నేను ఆడ కూర్చొనుంటి. నువ్వు చెప్పినావు, పిల్ల తల ఊపింది, తాళంచెవి చేతిలో పెట్టినావు, బస్సెక్కి పోయినావు. అయిపోలేదా? కాగితం లేకపోయినా చెల్లుతాదని మన జమాత్ వకీలు కూడా చెప్పినాడు. రాసుకుంటే మంచిదే. రాసుకోకపోతే ఇల్లు ఎగిరి మళ్ళ నీ దగ్గరికి వస్తాదా?"

"మరి ఇంటిపన్ను లెక్కలో నా పేరే ఉండాది కదా చిచ్చా."

"పేరు నీది. పన్ను కట్టింది ఎవురు?"

కట్టింది తబస్సుమే. రసీదులన్నీ ఇంట్లో సూదుల డబ్బాలో ఉన్నాయి. ఎనిమిదేండ్లవీ.

అప్పుడు మాబాషా సారు బుర్రలో టక్కున వెలిగింది. ఇల్లు ఎనిమిదేండ్ల కిందటే ఆమెదైతే, నా పేరున ఇల్లు లేదు. నా పేరున ఇల్లు లేకపోతే నేను మొదటిసారి కొనేవాడినే. అమ్మే పని లేదు, అబద్ధం రాసే పని లేదు. మార్చి ముప్పై ఒకటికి ఇంకా రెండు బ్యాంకు దినాలుండాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. సిగ్గు రావాల్సిన చోట ముందు సంతోషం వచ్చింది. మనిషి కదా, ఏం చేస్తాం.

ఆ సంతోషం తబస్సుమ్ చూసింది. "ఏమన్నా, ఎందుకు నవ్వుతాండావు?"

ఆయన చెప్పినాడు. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె అంతా విని, "అయితే నా ఇల్లు నాది కావడం నీ పన్నుకు పనికొచ్చిందన్నమాట," అన్నది. "పోనీలే. యాడనో ఒకచోట పనికొచ్చింది."

ఆ మాట మాబాషాకు సూటిగా తగిలింది. నాయన పోయిన పొద్దు కూడా ఆయన అంత చిన్నబోలేదు. చంద్రమోహన్‌తో పాటు తనకూ రావాల్సిన సబ్సిడీ గుర్తుకొచ్చింది. తనది కాని ఇంటిని తనదనుకొని ఎనిమిదేండ్లు అర్హత లేదని కూర్చున్నాడు. దుడ్లు పోయినాయి సరే. అవి పోవడం న్యాయమే అనిపించింది. పోనీ, ఇంగా ఎక్కువ పోయినా బాగుండు అనుకున్నాడు.

అజ్మతుల్లాను పిలుచుకొని తబస్సుమ్ ఇంటికొచ్చి, చాప మీద కూర్చొని తన చేత్తో కాగితం రాసినాడు. ఫలానా దినం, ఫలానా ఇల్లు, నా చెల్లెలు తబస్సుమ్‌కు నోటితో ఇచ్చి తాళంచెవి స్వాధీనం చేసినాను, ఆ దినం నుంచి నాకు హక్కు లేదు. జరిగిపోయినదానికి గుర్తుగా రాసుకున్న కాగితం. అజ్మతుల్లా వేలిముద్ర, ఇంకో ఇద్దరు జమాత్ పెద్దల సంతకాలు. ఇంటిపన్ను లెక్కలో పేరు మార్పుకు అర్జీ కూడా రాసిపెట్టినాడు.

సంతకాలు అయినాంక అజ్మతుల్లా చేతికర్రతో మూల చూపించినాడు. "అదేంరా?"

"నా పెట్టె చిచ్చా."

"ఇల్లు పిల్లది, అది అతిథి అన్నమాట. ఎనిమిదేండ్ల అతిథి యాడన్నా ఉంటాడారా?"

అందరూ నవ్వినారు, తబస్సుమ్ తప్ప. ఆమె పెట్టె దిక్కు చూస్తా చెప్పింది. "నేను దాని మీద ఏమీ పెట్టలేదన్నా. రోజూ ఊడ్చేటప్పుడు చూసేదాన్ని. అన్న ఇల్లిచ్చినాడు గానీ, పెట్టె తీసకపోలేదు ఎందుకబ్బా అనుకునేదాన్ని. నా మనసు పాపిష్టిదిలే, అట్ల అనుకోకూడదు అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని."

మాబాషా తాళం తీసినాడు. తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. లోపల పదో తరగతి సర్టిఫికెట్టు, నాయన పరుపులు కుట్టే రెండు దబ్బనాలు, అడుగున జాగ్రత్తగా కవరులో ఆ ఇంటి పాత పన్ను రసీదులు, ఆయన పేరున ఉన్నవి. ఇల్లు నాదని చూపించేదానికి కావాల్సినవన్నీ. దబ్బనాలు, సర్టిఫికెట్టు తను తీసుకొని, కవరు చెల్లెలికిచ్చినాడు. ఆమె దాన్ని పోయి సూదుల డబ్బాలో తన రసీదుల పక్కన పెట్టుకున్నది.

పెట్టె తనే భుజాన పెట్టుకొని బస్టాండుకు మోసినాడు. తబస్సుమ్ వెనకాలే నడిచింది. బస్సు వచ్చేలోపల ఆయన ఆమె వైపు తిరిగి, జనం చూస్తాండారని కూడా చూడకుండా, "తబస్సుమ్, ఆ ఇల్లు నీకిచ్చినా," అన్నాడు.

"ఇదేంది, మళ్ళ కొత్తగా?"

"ఆ పొద్దు నోటితో ఇచ్చినా. ఈ పొద్దు మనసుతో ఇస్తాండా."

ఆమె కండ్లు నిండినాయి. అయినా ఆమె ఆమే. "అప్పుడు ఏడుపులో తల మాత్రం ఊపినా. ఇప్పుడు నోటితో చెప్తాండా, బాగా విను. కబూల్ చేసినా. ఇంగ పో, బస్సు కదుల్తాది."

అనంతపురంలో జైతూన్ బీ వాకిట్లోకి దిగిన పెట్టెను చూసింది. కొడుకు ముఖం చూసింది. "తిన్నావా?" అన్నది. ఇల్లు తబస్సుమ్‌దని ఆమెకు మొదటి నుంచీ తెలుసు. తను చెప్తే కొడుకు తల్లి మాట విన్నట్టు అవుతాది, చెల్లెలు చెప్తేనే వాడు ఇచ్చిన మాట వాడే విన్నట్టు అవుతాదని ఊరుకున్నది.

ఫరీన్ మాత్రం తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. "నేను ఆమె ఇల్లు అమ్మమంటినే" అన్నది. బుధవారం పొద్దున ఆమె తన గాజులు, నెక్లెసు గుడ్డలో మూటగట్టి మొగుని చేతిలో పెట్టింది. "కుదవ పెట్టు. బంగారం అయితే విడిపించుకోవచ్చు" అన్నది. అప్పటికి ఆ నాలుగు లక్షల మాట అట్ల తీరింది.

బ్యాంకులో అప్పుల విభాగం ఆఫీసరు ఎలిజబెత్ అని ఒకామె. మార్చి ఆఖరు కదా, ఆమె టేబుల్ మీద ఫైళ్ళు గుట్ట పడినాయి. అర్జీ చదువుతా చదువుతా ఒకచోట ఆగింది.

"గుమ్మఘట్టలో ఇల్లు ఉందని ఈ నెల మొదట్లో మీరే రాసినారు కదా సార్. ఇప్పుడు లేదంటున్నారు?"

"ఉన్నింది మేడం. ఇచ్చేసినా," అని మాబాషా సారు కాగితం ముందర పెట్టినాడు.

ఆమె ఆ కాగితాన్ని వకీలుకు పంపింది. ఆయన చూసి, హిబా కాగితం సరిగానే ఉండాది, మంజూరుకు అడ్డం లేదని రాసినాడు. మళ్ళ ఆమె అడిగింది. "ఎప్పుడిచ్చినారు సార్?"

రెండు తేదీలుండాయి మాబాషా సారు దగ్గర. బ్యాంకుకు కావాల్సింది మొదటిది. "ఎనిమిదేండ్ల కిందట," అన్నాడు. రెండోది ఆయనదే, ఎవురికీ చెప్పాల్సిన పని లేదు.

గురువారం మధ్యాహ్నం నాలుగు గంటలకు మంజూరు కాగితం చేతికొచ్చింది. తేదీ మార్చి ముప్పై ఒకటి. ఆ పూట అమావాస్య ఘడియలు వచ్చేసినాయని చంద్రమోహన్ ఫోన్లో గొణిగినాడు. "నీకు మూఢం లేకపోతే నాకు అమాస యాడిది లేప్పా" అన్నాడు మాబాషా సారు.

మే నెల మొదట్లో రంజాన్ పండగ అయిన వారానికి రాప్తాడు ఇంట్లో చేరినారు. జైతూన్ బీ తన మంచం వరండాలో వేయించుకున్నది. పెట్టె ఆ మంచం కిందికి పోయింది, తాళం లేకుండా. గృహప్రవేశానికి తబస్సుమ్ వచ్చి కొత్త తలుపు దగ్గర నిలబడి, కావాలని గొంతు పెంచి, "రావొచ్చునా?" అని అడిగింది. జైతూన్ బీ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నది.

మరుసటి ఫిబ్రవరి. అయ్యవార్లు మళ్ళ బైకులేసుకొని ఆఫీసుకొచ్చినారు. మాబాషా సారు మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళను ఇప్పుడు ఇంకో మాట కూడా అడుగుతాండాడని వాళ్ళలో వాళ్ళు చెప్పుకున్నారు. "నీ పేరున ఇల్లుండాదా" అని అడిగినాంక, "నువ్వు ఎవురికన్నా ఇచ్చినానని చెప్పిన ఇల్లు ఏమన్నా ఉండాదా, బాగా గుర్తు తెచ్చుకో" అంటాడంట. ఆ గడి ఫారంలో యాడా లేదు. చాలామంది నవ్వి ఊరుకున్నారు. ఒకరిద్దరు మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకొని, రేపొస్తానని లేచిపోయినారు.

అందరూ పోయినాంక ఆయన తన ఫారం తీసినాడు. వేరే ఇల్లేమన్నా ఉందా అనే గడి దగ్గర, లేదు, అని రాసినాడు. తనిఖీ చేసినవారు అన్నచోట కూడా తనే సంతకం పెట్టినాడు. ఆ ఒక్క మాట నిజంగా రాసేదానికి ఆయనకు ఎనిమిదేండ్లు పట్టింది.